నలభై మూడో పాట

సెలిన్‌ది సామర్లకోట. ఒమాన్ వచ్చి నలభై ఒక్క ఏళ్ళయింది. మొదటి పదకొండేళ్ళు ఇబ్రిలో, మిగతావి సోహార్‌లో. నర్సుగా రిటైరై ఏడేళ్ళు. భర్త పోయాడు. ఇప్పుడు కూతురు బ్యూలా వీసా మీద, బ్యూలా ఇంట్లో ఉంటోంది. బ్యూలా కూడా నర్సే.

సోహార్ చర్చి కాంపౌండులో శుక్రవారం పొద్దున మలయాళీలు, తర్వాత తమిళులు, మధ్యాహ్నం రెండున్నర నుంచి తెలుగువాళ్ళు ఆరాధన చేసుకుంటారు. తెలుగు సంఘం మొదలైన నాటి నుంచి, అంటే ముప్ఫై ఏళ్ళుగా, పాటలు నడిపేది సెలినే. ఆ వారం ఏవి పాడాలో గురువారం ఒక చీటీ మీద రాసుకుంటుంది. హార్మోనియం ముందు కూర్చుని శ్రుతి ఇస్తుంది. ఎవరైనా మైకు దగ్గరికొచ్చి గొంతు పెంచితే కళ్ళద్దాల పైనుంచి చూస్తుంది. ఆ చూపు చాలామందికి తెలుసు.

సంఘం వాడే పాటల పుస్తకం జిరాక్స్ కాగితాలకు స్పైరల్ బైండింగ్ చేయించినది. అందులో నలభై మూడో పాట 'అద్దరి చేరే వరకు'. కింద 'రచన: సెలిన్' అని ఉంటుంది. బాణీ ఎవరిదో రాయలేదు, ఎవరూ అడగలేదు. ఈ పాటని శుక్రవారాలు పాడరు. ఎవరైనా చనిపోయి మృతదేహాన్ని ఇండియా పంపేటప్పుడు, హాస్పిటల్ మార్చురీ వెనక పార్కింగులో, పెట్టెను అంబులెన్స్ ఎక్కించే ముందు పాడతారు. అది పాటకి అనువైన చోటు కాదు. పక్కన వార్డులున్నాయి, సెక్యూరిటీవాళ్ళు చూస్తుంటారు. గొంతు ఎత్తకూడదు. గొంతు ఎత్తకపోతే మిగతా కీర్తనలు చాలావరకు నీరసపడిపోతాయి. నలభై మూడు మాత్రం పడదు.

పోయినవాడు సంఘస్థుడే కానక్కర్లేదు. పోర్టు వైపు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో మేస్త్రీగా ఉన్న ఇస్తారిది జగిత్యాల పక్క ఊరు. వాళ్ళ క్యాంపులో ఎవరు పోయినా బ్యూలాకి ఫోన్ చేస్తాడు. "సిస్టరమ్మను తోల్కరా బిడ్డా, గా పాట పాడాలె" అంటాడు. ఇస్తారి చర్చి లోపలికి ఎన్నడూ రాలేదు.

పదేళ్ళ కిందట సెలిన్ భర్తను పంపినప్పుడూ అదే పాట పాడారు. శ్రుతి ఇచ్చింది సెలినే. ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ బ్యూలాతో అంది: "నాక్కూడా ఇదేనే. ఇంకేదీ పాడనివ్వకు."

ఈ ఏడాది సంఘానికి ముప్ఫై ఏళ్ళు నిండాయని, జిరాక్స్ పుస్తకం స్థానంలో అచ్చు పుస్తకం వేయించాలని కమిటీ అనుకుంది. రాజమండ్రిలో ప్రెస్సు మాట్లాడారు. పాటల జాబితా నెలాఖరుకి పంపాలి. ఆ నెలలోనే బ్యూలాకి విశాఖలో ఉన్న పెదనాన్న కొడుకు ఒక యూట్యూబ్ లింకు పంపాడు.

సోమవారం డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతూ దాన్ని తెరిచింది. పాత రికార్డు అట్ట ఫోటో. మెట్ల మీద ముగ్గురు అబ్బాయిలు, మధ్యలో రెండు జడల అమ్మాయి.

"అమ్మా, ఇది నువ్వు కాదూ?"

సెలిన్ కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. "ఎక్కడిదే ఇది?"

"యూట్యూబ్‌లో ఉంది. ది క్వైట్ అవర్ అంట. డెబ్భై ఎనిమిది. ఎవరో కాకినాడలో పాత సామాన్ల కొట్లో దొరికిందని రాశాడు. నువ్వేనా?"

"నేనే. గిటారు పట్టుకున్నవాడు ప్రేమచంద్. పాటలన్నీ కట్టింది అతనే."

"రెండు జడలేంటమ్మా, హైస్కూలు పిల్లలాగా."

"ఫోటో తీసేవాడు వేసుకోమన్నాడు."

"నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళలో ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు."

"చెప్పుకోడానికేముంది. ఒక్కటీ అమ్ముడుపోలేదు."

బ్యూలా వినిపించబోతే వద్దంది. కుక్కర్ దించాలని వంటింట్లోకి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే బ్యూలా లింకును సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. 'మా అమ్మగారు ఇరవై ఒక్కేళ్ళ వయసులో పాడిన రికార్డు. అందరూ వినండి. వందనాలు' అని రాసింది. తనకు తెలిసిన మరో పదిమందికి కూడా పంపింది. గంటలో గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు, పువ్వులు వచ్చాయి. ఆ తర్వాత డయాలసిస్ వార్డులో పనిచేసే అమ్మాయి ఒకతె రాసింది: 'అక్కా, రెండో వైపు మొదటి పాట మన 43 కదా?'

దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు.

ఆ రికార్డు సంగతి సెలిన్‌కి తప్ప ఒమాన్‌లో ఎవరికీ తెలియదు. సామర్లకోట మిషన్ హాస్పిటల్ నర్సింగ్ హాస్టల్లో మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా క్వైట్ అవర్ ఉండేది. రాత్రి డ్యూటీ చేసినవాళ్ళు పడుకునే వేళ. మిషన్ కాంపౌండులోనే పెరిగిన ప్రేమచంద్‌కీ, అతని స్నేహితులిద్దరికీ పాటలు సాధన చేసుకోవడానికి హాస్టల్ పక్కనున్న లైబ్రరీ గది ఒక్కటే దొరికేది. అదీ ఆ రెండు గంటలే. డ్రమ్ముల మీద తువ్వాళ్ళు పరిచేవాళ్ళు. ప్రేమచంద్ గోరు తగలకుండా వేలి కండతో గిటారు మీటేవాడు. సెలిన్ పక్క మంచం మీదివాళ్ళతో మాట్లాడేంత గొంతుతో పాడేది. ఏడాదిన్నరలో తొమ్మిది పాటలు తయారయ్యాయి. ఏడు ఇంగ్లీషువి, రెండు తెలుగువి. మద్రాసు స్టూడియోలో రికార్డింగ్ చేసే పెద్దాయన విని, "మీది సాఫ్ట్ రాక్ అన్నమాట" అన్నాడు. వాళ్ళు ఆ పేరు వినలేదు. "ఇంత మెల్లగా ఎందుకు వాయిస్తారు?" అని అడిగితే ప్రేమచంద్, "నర్సులు పడుకునుంటారండి" అన్నాడు.

మూడు వందల రికార్డులు ఆరు అట్టపెట్టెల్లో రైలు పార్శిల్లో వచ్చాయి. అప్పటికి కోత పండుగ నాలుగు రోజులుంది. సెలిన్ తల్లి ఆదెమ్మ వార్డు ఆయా. తొలి ఫలం దేవుడిది అన్న విషయంలో ఆమెతో వాదన కుదరదు. "నీ మొదటి స్టైపెండు ఇచ్చాం. గేదె మొదటి దూడని ఇచ్చాం. ఇది మాత్రం ఇవ్వవా?" అంది. ఒకటో రెండో ఇస్తామంటే ఒప్పుకోలేదు. తొలిసారి వచ్చినవన్నీ తొలి ఫలమే కదా అంది. అబ్బాయిలు పెద్దగా కంగారు పడలేదు. కోత పండుగలో బలిపీఠం ముందు పెట్టినవన్నీ ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఎవరిది వాళ్ళు చవగ్గా పాడుకుని ఇంటికి తెచ్చుకోవడం మామూలే. అలాగే తెచ్చుకుని, ఆ మర్నాటి నుంచి అమ్మకం మొదలుపెడదామనుకున్నారు. ఆరు పెట్టెలూ తోపుడు బండి మీద వెళ్ళి గుమ్మడికాయల పక్కన, కాళ్ళు కట్టిన కోళ్ళ పక్కన కూర్చున్నాయి.

వేలం వేయబోయేదేమిటో తెలుసుకోవాలని పాస్టరుగారు ఒక రికార్డును బంగళాకు తీసుకెళ్ళి గ్రామఫోను మీద పెట్టారు. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. రెండో వైపు మొదటి పాట 'లాస్ట్ లాంచ్ టు కోటిపల్లి'. సాయంత్రం ఆఖరి లాంచీలో అబ్బాయి వెళ్ళిపోతాడు, అమ్మాయి రేవులో నిలబడి చూస్తుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు. అబ్బాయి అమ్మాయి పాటను దేవుడి బలిపీఠం ముందు వేలం వేయనన్నారు. పోనీ తిరిగి ఇచ్చేయమంటే, దేవుడికి అర్పించినదాన్ని మనిషికి తిరిగిచ్చే అధికారం తనకు లేదన్నారు. రెండు మాటలూ ఆయన నమ్మి అన్నవే. బంగళాకు వెళ్ళిన ఆ ఒక్కటి తప్ప రికార్డులన్నీ చర్చి వెనక వెస్ట్రీ గదిలో ఉండిపోయాయి. అట్టలకు చెదలు పట్టాయి. మళ్ళీ వేయించడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. ప్రేమచంద్‌కి రైల్వేలో బుకింగ్ క్లర్కు ఉద్యోగం వచ్చింది. పదిహేనేళ్ళ కిందట పోయాడని సెలిన్‌కి ఎవరో చెప్పారు.

ఆదెమ్మ పాస్టరుగారిని ఏమీ అనలేదు. కూతురిని అడిగింది: "దేవుడి ముందు పెట్టే వస్తువో కాదో చూసుకోవద్దా?"

ఇబ్రి వచ్చిన మూడో ఏట నిజామాబాద్ మనిషి నర్సయ్య జ్వరంతో వార్డులో పోయాడు. పంపేరోజు తన అనేవాళ్ళు ఎవరూ రాలేదు. సెలిన్, కంపెనీ డ్రైవరు ఖాదర్‌వలి ఇద్దరే ఉన్నారు. ఖాదర్‌వలి కడపవాడు. "ఏదన్నా ఒక మంచి మాట చెప్పు సిస్టరూ. ఉత్తినే పంపిస్తే ఎట్లా?" అన్నాడు. సెలిన్‌కి ప్రార్థన మాటలు నోటికి రాలేదు. బాణీ వచ్చింది. దాని మీద రెండు వాక్యాలు అక్కడే కట్టి పాడింది. మిగతా చరణాలు ఆ వారంలో రాసింది. ఆ బాణీ ఏ పాటదన్నది ఆమెకు గుర్తుంది. అయితే దాన్ని ఎవరూ వినలేదు. ఎవరూ వినని పాట ఉన్నట్టా లేనట్టా అని ఆమె ఎక్కువగా ఆలోచించలేదు.

బుధవారం సాయంత్రం జెరెమియా వచ్చాడు. సంఘం సెక్రటరీ. ఒక ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరు, నలభై అయిదేళ్ళవాడు. చంకలో మినిట్స్ పుస్తకం ఉంది.

"గ్రూపులో వచ్చినదాని గురించి మాట్లాడాలి ఆంటీ."

"కూర్చో బాబూ. టీయా, కాఫీయా?"

"ఏదైనా పర్లేదండి." పుస్తకం తెరిచి, ప్లాంటులో నోటీసు చదివినట్టు చదివాడు. "రెండువేల రెండు, పదకొండో తీర్మానం. లోకసంబంధమైన పాటల బాణీలలో కట్టిన పాటలను సంఘము పేరున జరుగు ఏ కూడికలోను పాడరాదు, పాటల పుస్తకములో చేర్చరాదు. ప్రతిపాదించినవారు..."

"నా సంతకం నేను గుర్తుపడతాను లే."

"కమిటీలో ఇద్దరు అడుగుతున్నారండి. నలభై మూడు కొత్త పుస్తకంలోకి వెళ్తుందా లేదా అని. శుక్రవారం తేల్చాలి. మీరు ఒక్క మాట చెప్తే తేలిపోద్ది. ముందు హాస్టల్లో ఇది భక్తిపాటగానే ఉండేది, ఆ తర్వాత ఆ కుర్రాళ్ళు ఇంగ్లీషు మాటలు పెట్టుకున్నారు. అంతే."

"అలా జరగలేదు కదా."

"జరిగిందని నేననట్లేదండి. మీరు చెప్తే రాసుకుంటానంటున్నాను."

"చెప్పెయ్యమ్మా" అంది బ్యూలా. సోమవారం నుంచి ఆమె మొహం బాగాలేదు. సెలిన్ ఆ రికార్డులు ఏమయ్యాయో మొదటి నుంచి చెప్పింది.

"పోనీ ఇంకోలా చూద్దామండి" అన్నాడు జెరెమియా. "మూడు వందలూ చర్చిలోనే ఉండిపోయాయంటున్నారు కదా. అంటే అది లోకంలోకి వెళ్ళనేలేదు. లోకంలోకి వెళ్ళని పాట లోకసంబంధం ఎలా అవుద్ది?"

సెలిన్ నవ్వింది. "సేఫ్టీ ఆఫీసరువి కాదు నువ్వు, వకీలువి. ఇరవై రెండేళ్ళ కిందట ఈ తీర్మానం రాసినప్పుడు నాలో నేను అనుకున్నది అదే."

"మరింకేంటండి?"

"ఫెలిక్స్ నంబరు ఉందా నీ దగ్గర? ల్యాబ్‌లో చేసేవాడు. ఇబ్రి వెళ్ళిపోయాడు."

జెరెమియాకి ఫెలిక్స్ ఎవరో తెలియదు. అతను సోహార్ రావడానికి ముందు సంగతి అది. క్రిస్మస్ ఆరాధనలో ఫెలిక్స్ తను రాసిన పాట పాడాడు. ఒక సినిమా పాట బాణీలో కట్టాడు. జనం గుర్తుపట్టి కాళ్ళతో తాళం వేయడం మొదలుపెట్టారు. రెండో చరణం ఎత్తుకోగానే సెలిన్ హార్మోనియం మూసేసింది. తర్వాతి కమిటీలో ఆ తీర్మానం పెట్టింది. ఫెలిక్స్ మళ్ళీ రాలేదు. రెండేళ్ళకు ఇబ్రి ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు.

మర్నాడు పొద్దున బ్యూలా నంబరు సంపాదించి ఇచ్చింది. సెలిన్ తానే చేసింది.

"ఎవరండీ?"

"సెలిన్‌ని. సోహార్ నుంచి."

"అక్కా, బాగున్నారా? ఎవరన్నా పోయారా?"

"ఎవరూ పోలేదు. నీతో ఒక సంగతి చెప్పాలి." రికార్డు సంగతి, నలభై మూడో పాట సంగతి, శుక్రవారం కమిటీ సంగతి వరసగా చెప్పింది. ఫెలిక్స్ మధ్యలో అడ్డురాలేదు. చివరికి నవ్వడం మొదలుపెట్టాడు. చాలాసేపు నవ్వాడు.

"అంటే మీది లవ్ సాంగ్ ట్యూనా అక్కా?"

"అవును."

"నాది నయం. అమ్మ సెంటిమెంట్ పాట." మళ్ళీ నవ్వాడు. "మా ఆవిడ మీకో పేరు పెట్టింది, తెలుసా? హార్మోనియం పోలీసు. ఇప్పటికీ మా ఇంట్లో అదే."

"పెట్టనీ."

నవ్వు తగ్గాక అతని గొంతు మామూలుగా వచ్చింది. "పాట ఆపినందుకు కాదక్కా నేను రావడం మానేసింది. పాట కుదరదు అని ముందే చెప్పుంటే మానేసేవాణ్ణి. మీరు మూసేసిన చప్పుడు చర్చంతా వినబడింది. నా పిల్లలు ముందు బెంచీలో ఉన్నారు. ఇంటికెళ్ళాక చిన్నది అడిగింది, నాన్నా నువ్వేం తప్పు చేశావని."

"తప్పు నాది. క్షమించమని అడగడానికే చేశాను."

"ఇప్పుడు మీ పాటకి అడ్డొచ్చింది కాబట్టి చేశారా?"

సెలిన్ కొంచెం ఆలోచించింది. "అవును. అది రాకపోతే చేసేదాన్ని కాదు."

"సరే. ఆ మాట చెప్పారు, బానే ఉంది."

"శుక్రవారం నేనేం చెయ్యాలంటావు?"

"నన్నడక్కండక్కా. నాకు డ్యూటీ టైమైంది" అన్నాడు ఫెలిక్స్. పెట్టేసే ముందు, "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు. ఆమె చెప్పింది. విన్నాడు. పెట్టేశాడు.

శుక్రవారం ఆరాధన అయ్యాక పక్క గదిలో కమిటీ కూర్చుంది. ఆరుగురు, మస్కట్ నుంచి వచ్చిన పాస్టరు అయ్యగారు, సెలిన్. తర్వాత ఆ గది ఇంకో సంఘం బైబిల్ స్టడీకి ఇవ్వాలి కాబట్టి అరగంటే ఉంది. సెలిన్ జరిగింది జరిగినట్టు చెప్పింది. బాణీ ప్రేమచంద్‌ది. మొదట ప్రేమ పాట. భక్తిపాట ఎనిమిదేళ్ళ తర్వాత తను కట్టింది. జెరెమియా రాసుకున్నాడు. లోకంలోకి వెళ్ళని పాట అన్న తన వాదన కూడా వినిపించాడు. ఒకరిద్దరు నవ్వారు. మొత్తం మీద గదిలో ఉన్నవాళ్ళు పాటను ఉంచడానికే చూస్తున్నారని సెలిన్‌కి అర్థమైంది.

"నా మాట కూడా వినండి" అంది. "ఆ తీర్మానం తీసేయండి. నేను పెట్టింది, నేనే అడుగుతున్నాను. ఫెలిక్స్ రాసినలాంటి పాటల్ని పాడుకోనివ్వండి. నా పాట మాత్రం పుస్తకంలో వద్దు."

"తీర్మానం తీసేస్తే మీ పాటకి అడ్డేంలేదు కదా ఆంటీ" అన్నాడు జెరెమియా.

"అప్పుడు నా పాట కోసం తీసినట్టవుద్ది. అతని పాట దగ్గర ఉన్న రూలు నా పాట దగ్గరకొచ్చేసరికి లేకుండా పోతే, అతనేమనుకోవాలి? నేనేమనుకోవాలి?"

"మీరే పుస్తకంలోంచి తీయించేస్తే ఇంక సంఘం పేరున ఎక్కడా పాడేది ఉండదండి. మార్చురీ దగ్గర కూడా. అక్కడికి వెళ్ళేది సంఘం పేరునే."

"తెలుసు."

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "మిమ్మల్ని పంపేటప్పుడు ఆ పాటే పాడాలని చెప్పారటగా, అమ్మా?"

"చెప్పానండి."

"మరి?"

"వేరేది ఏదైనా పాడండి. అప్పుడు నేను లేచి శ్రుతి బాలేదని వంక పెట్టను కదా."

తీర్మానం రద్దుకు ఆరు చేతులూ లేచాయి. 'రచయిత్రి కోరిక మేరకు నలభై మూడవ పాట ఉపసంహరణ' అన్నదానికి అయిదు లేచాయి. జెరెమియా తన చెయ్యి ఎత్తలేదు. కానీ మినిట్స్‌లో రెండూ నీట్‌గా రాశాడు. బయట తలుపు తట్టారు, గది ఖాళీ చేయాలని.

కారు రౌండబౌట్ దాటింది. బ్యూలా అంది, "నాన్నకి పాడిన పాట అది. నన్నొక్క మాట అడగాలని లేదా నీకు?"

"నువ్వు నన్నడిగి గ్రూపులో పెట్టావా?"

బ్యూలా గేరు మార్చింది. "లేదు."

"మరి."

జాబితా రాజమండ్రి వెళ్ళింది. ఫెలిక్స్‌కి ఎవరో చెప్పినట్టున్నారు. ఒక మెసేజ్ పెట్టాడు. 'విన్నాను అక్కా. క్రిస్మస్‌కి వీలైతే వస్తాం' అని ఉంది. సెలిన్ దానికి 'రండి' అని జవాబిచ్చింది.

మూడు వారాలకు ఇస్తారి ఫోన్ చేశాడు. వాళ్ళ క్యాంపులో గణపతి అనే తాపీ మనిషి పొద్దున డ్యూటీకి లేవలేదు. గుండె. యాభై రెండేళ్ళు. కాగితాలు తయారవడానికి అయిదు రోజులు పట్టింది. మంగళవారం పొద్దున పదింటికి పంపుతారు. ఆ పాట ఇక లేదని సెలిన్ ఫోన్‌లోనే చెప్పాలనుకుంది గానీ, ఇస్తారి ఒక చోట నిలబడి మాట్లాడే స్థితిలో లేడు.

కంపెనీ బస్సులో నలభైమంది దాకా వచ్చారు. సంఘం తరఫున సెలిన్, బ్యూలా, సెలవు పెట్టి వచ్చిన జెరెమియా, ఇంకో ఇద్దరు ఉన్నారు. అప్పటికే ఎండ ముదిరింది. పెట్టెను ట్రాలీ మీద తెచ్చి అంబులెన్స్ వెనక ఆపారు. జెరెమియా ప్రార్థన చేశాడు. సెలిన్ వేరే కీర్తన అందుకుంది. పెద్ద గొంతులతో పాడాల్సిన పాట అది. అక్కడ మెల్లగా పాడేసరికి ఒక్కొక్కరి దగ్గర ఒక్కోచోట తెగింది. రెండు చరణాలతో ఆపేశారు.

ఇస్తారి ఎదురుచూస్తూ నిలబడ్డాడు. "సిస్టరమ్మా, గా పాట?"

"ఆ పాట తీసేశాం ఇస్తారీ."

"ఎవలు దీసిండ్రు?"

"నేనే."

"గట్లెట్ల దీస్తరు?" అతను జెరెమియా వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు. గొంతు పెంచలేదు. "మీకు మీకు ఏమన్న ఉంటే ఉండె. గణపతి ఏం జేసిండు?"

సెలిన్ సంఘం నియమం గురించి అతనికి చెప్పొచ్చు. చెప్పలేదు.

"సరె తియ్. బిడ్డ పంపింది నా దగ్గరున్నది" అని ఇస్తారి జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ నెల కిందటి సోమవారం బ్యూలా లింకు పంపిన పదిమందిలో ఇస్తారి ఒకడు. ఆ రికార్డులోంచి తనకు తెలిసిన పాట ఒక్కటి వెతుక్కుని ఫోన్లో దాచుకున్నాడు. వాల్యూమ్ పూర్తిగా పెంచి పెట్టె మీద పెట్టాడు.

ముందు గిటారు వచ్చింది. దాని వెనక, గుడ్డ మీద కొట్టినట్టు డ్రమ్ము. తర్వాత ఒక అమ్మాయి గొంతు.

టోపీలు పెట్టుకున్నవాళ్ళు తీసేశారు. వెనక వరసలో ఒకతను పక్కవాడితో, "ఇంగ్లీషుల ఉన్నదేందిర?" అన్నాడు. ఇస్తారి వెనక్కి తిరగకుండానే, "ఇంగ్లీషుల ఉంటేంది, గదే పాట. చుప్ ఉండు" అన్నాడు. అంబులెన్స్ డ్రైవరు తలుపు పట్టుకుని ఆగాడు. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను ఒకసారి ఇటు చూసి మళ్ళీ తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ వాల్యూమ్ అక్కడిదాకా పెద్దగా వినబడదు.

అక్కడ ఇంగ్లీషు పూర్తిగా అర్థమయ్యేవాళ్ళు అయిదుగురే. లాంచీ రేవు వదిలింది, అమ్మాయి నిలబడింది. జెరెమియా నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒకసారి సెలిన్ వైపు చూశాడు, ఏమైనా అంటుందేమోనని. ఆమె చేతిసంచీ రెండు చేతులతో పట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి వింటోంది. మద్రాసు స్టూడియోలో విన్న తర్వాత ఆమె ఆ పాట వినడం ఇదే.

మూడు నిమిషాల పైన సాగింది. అయిపోయాక ఇస్తారి ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అయిదుగురు పెట్టెకు చేతులేశారు. ఒక మూల ఖాళీగా ఉంటే జెరెమియా వెళ్ళి పట్టుకున్నాడు. డ్రైవరు కాగితాల మీద సంతకం ఎవరిదని హిందీలో అడిగాడు. ఇస్తారి చేశాడు. అంబులెన్స్ మస్కట్ రోడ్డు వైపు వెళ్ళింది. బస్సులో వచ్చినవాళ్ళు బస్సెక్కారు. మధ్యాహ్నం డ్యూటీ ఉంది వాళ్ళకి.

ఇస్తారి బస్సు మెట్టు మీద నిలబడి, "పోయొస్త సిస్టరమ్మా" అన్నాడు. కోపం ఇంకా ఉంది గానీ అన్నాడు.

కారులో ఏసీ చల్లబడేదాకా ఇద్దరూ కిటికీలు దించుకుని కూర్చున్నారు.

"రెండో చరణంలో శ్రుతి కిందికి జారింది, విన్నావా?" అంది సెలిన్.

"లేదమ్మా. నాకలా ఏం అనిపించలేదు."

"జారింది. ప్రేమచంద్ ఇంకోసారి తీద్దామన్నాడు. స్టూడియో టైమ్ అయిపోయింది."

బ్యూలా కిటికీలు ఎక్కించి, వెనక్కి చూసుకుంటూ బండి రివర్స్ చేసింది.